సెలవులకొచ్చిన పిల్లలకు వంట నేర్పడానికి 3 క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ డ్యుయో మినీ

అమెరికాలో కాలేజీ పిల్లలు డిసెంబరు మధ్యలో ఇంటికొస్తే మళ్లీ వెళ్లేది జనవరిలోనే. ఆ మూడు నాలుగు వారాల్లో రోజుకో అరగంట వాళ్ల చేత వండిస్తే, తిరిగి వెళ్లాక పప్పన్నానికి మొహం వాచిపోరు. ఆ పనికి ఈ చిన్న పాట్, అంటే కరెంటు ప్రెషర్ కుక్కరు, చక్కగా సరిపోతుంది. ఒకరిద్దరికి చాలు, 700 వాట్లే తీసుకుంటుంది, పక్కన నిలబడి విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు. అయితే చాలా డార్మ్ (కాలేజీ హాస్టల్) గదుల్లో ఇలాంటివి వాడనివ్వరు. కాలేజీ హౌసింగ్ వాళ్ల జాబితా చూశాకే కొనండి.

మొదట పప్పే నేర్పండి. అరకప్పు కందిపప్పు అరగంట నానబెట్టి, అదే కప్పుతో కప్పున్నర నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేయాలి. నూనె వేస్తే నురగ తగ్గుతుంది. టమాటా ముక్కలు పైన పరవాలి, కలపకూడదు. అడుక్కి చేరితే అంటుకుని 'బర్న్' అని చూపిస్తుంది. హై ప్రెషర్ మీద 10 నిమిషాలు పెట్టి, అయ్యాక ఇంకో 10 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. పిల్లలు తొందరపడేది ఇక్కడే. వెంటనే ఆవిరి వదిలితే పప్పు నీళ్లు వాల్వులోంచి గోడ మీదికి చిమ్ముతాయి. చింతపండు పులుసు మాత్రం పప్పు ఉడికాకే పోయాలి, ముందే పోస్తే బద్ద బద్దగా ఉండిపోతుంది. స్టవ్ మీది కుక్కరు 15 పీఎస్ఐ (ఆవిరి ఒత్తిడి కొలత) దగ్గర పనిచేస్తుంది, ఇది 10 నుంచి 12 మధ్యలోనే. అమ్మమ్మ చెప్పిన 'మూడు విజిల్స్' లెక్క దీనికి కుదరనిది అందుకే. ఇంకోటి, తెర మీద కనిపించే 10 నిమిషాలు ప్రెషర్ ఎక్కాక మొదలయ్యేవి. మొత్తం అరగంట పైనే పడుతుందని ముందే చెప్పండి, లేకపోతే ఆకలేసినప్పుడు విసుగొస్తుంది.

పప్పు మీద ట్రైవెట్ (కాళ్లున్న చిన్న స్టీలు స్టాండు) పెట్టి, దాని మీద చిన్న స్టీలు గిన్నెలో నానిన సోనామసూరి బియ్యం పెడితే అన్నం కూడా అదే పూటకి అయిపోతుంది. బియ్యం కప్పుకి నీళ్లు కప్పున్నర. గిన్నె చుట్టూ వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. పప్పూ నీళ్లూ కలిపి లోపలి గిన్నెలో సగం గీత దాటకూడదు.

పెరుగు దీనిలో నిజంగా బాగుంటుంది. చలికాలంలో కౌంటరు మీద తోడుకోని పాలు యోగర్ట్ మోడ్‌లో 8 గంటల్లో గడ్డపెరుగవుతాయి. పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి తోడు వేయాలి. వేడి మీద వేస్తే విరుగుతుంది. ఇడ్లీ పిండి కూడా ఇదే మోడ్‌లో పులుస్తుంది, కాకపోతే సగానికి మించి పోయకండి, మామూలు మూతే పెట్టండి. పిండి పొంగి ప్రెషర్ మూత వాల్వులోకి వెళితే కడగడం నరకం. ఇడ్లీలు ఉడికించేటప్పుడు వాల్వు తెరిచే ఉంచాలి కాబట్టి ప్రెషర్ రాదు, పాట్ టైమర్ కదలదు. ఫోన్లో 12 నిమిషాలు పెట్టుకోవాలి. పెద్ద ఇడ్లీ స్టాండు ఇందులో పట్టదు.

వేపుళ్లకి మాత్రం ఇది పనికిరాదు. గిన్నె లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ. బెండకాయ వేగకుండా మగ్గిపోతుంది. పోపు ఇందులోనే పెట్టొచ్చు గానీ, వెంటనే గరిటెడు నీళ్లు పోసి అడుగు గోకమనండి. 'బర్న్' రావడానికి సగం కారణం ఆ మాడిన అడుగే.

మూతలోని సిలికాన్ రింగు రసం వాసన పీల్చేసుకుంటుంది, తర్వాత చేసిన పాయసంలో అదే తెలుస్తుంది. తీపికి వేరే రింగు కొనండి. ప్రెషర్ ఎక్కడం లేదని పిల్లలు ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది రింగు గురించే. కడిగాక తిరిగి పెట్టడం మర్చిపోతారు, లేదా ఒక పక్క పైకి లేచి ఉంటుంది. అది సరిగ్గానే ఉంటే మూత మీది వాల్వు 'సీలింగ్' (ఆవిరి బయటికి పోకుండా మూసే) గుర్తు వైపు తిప్పారేమో చూడమనండి.

వెళ్లే ముందు రోజు పాట్ లోపలే కొలత కప్పు, ట్రైవెట్, రెండో రింగు, పోపు దినుసుల చిన్న డబ్బాలు, కిలో కందిపప్పు సర్దేయొచ్చు. అన్నీ పడతాయి.