ఎవర్‌గ్రీన్ ఫాగ్, క్లారీ సేజ్: ఏ గదికి ఏది?

అమెరికాలో ఇంటికి బూడిద కలిసిన ఆకుపచ్చ వేయాలనుకునేవాళ్లు షెర్విన్-విలియమ్స్ అనే పెయింట్ కంపెనీ రంగుల్లో ఈ రెండింటి మధ్య తికమకపడవచ్చు. చిన్న కార్డు మీద అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి, గోడకెక్కాక తేడా తెలుస్తుంది.

ఎవర్‌గ్రీన్ ఫాగ్ (9130) వెలుతురును తిప్పికొట్టే విలువ, అంటే ఎల్‌ఆర్‌వీ, 30. క్లారీ సేజ్ (6178)కి 41. మొదటిదాంట్లో బూడిద రంగు ఎక్కువ, కాస్త నీలం ఛాయ కూడా ఉంటుంది. ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గదిలో వేస్తే పచ్చదనం చచ్చి, మబ్బు పట్టినట్టు అయిపోతుంది. అలాంటి గదికి క్లారీ సేజే మేలు. దానిలోని పసుపు ఛాయ చల్లని వెలుతురును సరిదిద్దుతుంది. అయితే పసుపు వెలుతురిచ్చే 2700 కెల్విన్ బల్బుల కింద రాత్రిపూట అదే పసుపు ముదిరి ఖాకీలా కనిపించవచ్చు. కాస్త తెల్లటి వెలుతురిచ్చే 3000 లేదా 3500 కెల్విన్ బల్బులు పెట్టి చూడండి.

ఎండ బాగా పడే హాలుకు, వంటింటి క్యాబినెట్లకు మా ఓటు ఎవర్‌గ్రీన్ ఫాగ్‌కే.

నమూనాను పాత గోడ మీద పూయకండి, పక్క రంగు కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల తెల్ల అట్ట మీద, అంచు వదిలి, రెండు కోట్లు వేసి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి.

12×12 గది, 9 అడుగుల ఎత్తయితే రెండు కోట్లకు 2 గ్యాలన్లు పడతాయి. రెండు డబ్బాలనూ ఒకే బకెట్లో కలిపాకే మొదలుపెట్టండి, లేకపోతే గోడ మధ్యలో ఛాయ మారవచ్చు.