బయోఫీడ్‌బ్యాక్ మెషిన్ కొంటున్నారా? ముందు వైరు పీకి చూడండి

"పడిపోయిన చెయ్యి నలభై రోజుల్లో లేస్తుంది" అంటూ రోజూ వీడియోలో ప్రత్యక్షమయ్యే ఆ సారు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన అమ్మే బయోఫీడ్‌బ్యాక్ మెషిన్ నేనూ కొన్నాను. నాన్నకి స్ట్రోక్ వచ్చి ఐదు నెలలు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. ఫిజియో ఆవిడ ఆగమన్నారు, నేను ఆగలేదు. అంతే కథ.

ముంజేతి మీద ప్యాడ్లు అంటించి మణికట్టు పైకెత్తమంటే, స్క్రీన్ మీద పచ్చగీత లేచి కీమనేది. చెయ్యి మాత్రం కదిలేది కాదు. "కంటికి కనపడదు మేడమ్, కండరంలో సిగ్నల్ పుడుతోంది" అన్నాడు సారు. ఆ మాట అబద్ధం కాదు, అందుకే పడ్డాను. కదలిక కనిపించకముందే కండరంలో పుట్టే మైక్రోవోల్టుల సిగ్నల్‌ని పట్టి చూపించడమే ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ పని. మూడు వారాలు నాన్న పళ్ళు బిగబట్టి, నుదుటికి చెమట పట్టేదాకా ప్రయత్నించారు. గీత లేచినప్పుడల్లా పరీక్ష పాసైన పిల్లాడిలా నా వైపు చూసేవారు.

నిన్న రాత్రి ప్యాడ్లతో ప్రయత్నిస్తూ మధ్యలోనే నాన్న నిద్రలోకి జారుకున్నారు. ఆపుదామని వెళ్తే గీత లేస్తోంది. ప్యాడ్లు తీశాను. లేస్తోంది. వైరే పెట్టెలోంచి ఊడబీకాను. అయినా ఏడు సెకన్లకోసారి గడియారంలా లేచి కీమంటోంది!

పొద్దున్నే వీడియో తీసి పంపి ఫోన్ చేశాను. "మేడమ్, పేషెంట్‌కి విల్‌పవర్ లేకపోతే మెషిన్ ఏం చేస్తుంది?" అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. నాన్నకి మాట సరిగ్గా రాదు గానీ, చెవులు బాగానే పనిచేస్తాయి సారూ. ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి లాక్కుని అటు తిరిగిపోయారు. నేను మళ్ళీ నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేశాడు, నంబర్ బ్లాక్ చేశాడు.

మొదటిరోజే నాన్న జివ్వుమంటోందని సైగ చేసి చెప్పారు. పని చేస్తోందని మురిసిపోయాను, నా తెలివికి దండం. ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ ఒంట్లో సిగ్నల్ వింటుందే గానీ కరెంటు పంపదు. పంపేది స్టిమ్యులేటర్. రెండూ చేసేవి ఉన్నాయి, కానీ ఇది వినే పనే లేకుండా స్టిమ్యులేటర్‌కి బొమ్మ తగిలించిన సరుకు. నాన్నకి గుండెలో పేస్‌మేకర్ లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆ కరెంటుతో ప్రమాదమే. అసలు మెషిన్ల మీదే 2007 నాటి కోక్రేన్ సమీక్ష (జరిగిన వైద్య పరిశోధనలన్నీ కలిపి తూకం వేసేది) గట్టిగా ఏమీ తేల్చలేదు: ఫిజియోతో కలిపితే కొన్ని ట్రయల్స్‌లో మేలు కనిపించింది, కానీ అన్నీ కలిపి చూస్తే లాభం తేలలేదు, ట్రయల్స్ కూడా చిన్నవి అంది. కొనకముందు చదవాల్సింది, ఇవాళ చదివాను.

కొనాలనే ఉంటే ముందు మీ బాగున్న చేతికి పెట్టుకుని బిగించండి, వదలండి. గీత మీతోనే లేవాలి, మీతోనే పడాలి. జివ్వుమంటే ఎందుకో అడగండి, డాక్టర్‌ని అడక్కుండా పెట్టకండి.

ఫిజియో ఆవిడ తన దగ్గరున్న మెషిన్‌తో రేపు చూద్దాం రమ్మన్నారు. నాన్న ఇంకా వస్తానన్లేదు.