అమావాస్య పోటు మీద కాకినాడ అఖాతంలో

చొల్లంగి అమావాస్య నాడు సాగర స్నానం చేయాలని అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగే సప్తసాగర యాత్ర కాకినాడ పక్కనున్న చొల్లంగిలో తుల్యభాగ పాయ స్నానంతోనే మొదలవుతుంది. యాత్ర మొత్తం చేయడానికి ఆమె మోకాళ్లు సహకరించవు. మొదటి మునకైనా వేయిద్దామని అన్నయ్య, నేను అనుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాం. వదిన, వాళ్ల అబ్బాయి కూడా బయల్దేరారు. అంత దూరం వెళ్తున్నాం కదా అని కోరింగ మడ అడవి, హోప్ ఐలాండ్ కూడా కలుపుకుని మూడు రోజులు పెట్టుకున్నాం.

బస విషయంలో మొదటి రోజే దెబ్బతిన్నాం. యానాం రోడ్డు వైపు ఒక రిసార్ట్‌ని ఫొటోలు చూసి బుక్ చేశాను. ఫొటోల్లో కిటికీ అవతల పచ్చటి అడవి ఉంది. వెళ్లి చూస్తే ఆ పచ్చదనానికీ మా గదికీ మధ్య రొయ్యల చెరువులు. రాత్రంతా ఆ చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల మోత. అమ్మకు కన్ను మూతపడలేదు. మర్నాడే ఖాళీ చేసి కాకినాడలో భానుగుడి దగ్గర ఒక మామూలు లాడ్జికి మారిపోయాం. అక్కడ వేడినీళ్లు వచ్చాయి, లిఫ్టు పనిచేసింది, ఆటో పిలిస్తే వచ్చింది. ఈ చుట్టుపక్కల చూడాల్సినవన్నీ కాకినాడ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినవే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఊళ్లోనే దిగడం మంచిది.

రైలు దిగిన రోజు మధ్యాహ్నమే కోరింగ వెళ్లాం. అటవీశాఖ వాళ్లు మడ చెట్ల మధ్య నుంచి చెక్కలతో నడకదారి వేశారు. బోటు ఎక్కుదామంటే టికెట్ దగ్గర అబ్బాయి, "ఇప్పుడు పాటు అండి, సముద్రం నీరు తీసేసింది, కాలవలో నీళ్లు లేవు. రేపు పొద్దున పోటుకి, నీరు పెరిగాక రండి" అన్నాడు. అప్పుడు నాకు చికాకు వేసింది గానీ, నీళ్లు తీసేసిన ఆ గంటలోనే అడవి అసలు రూపం కనిపించింది. బురదలోంచి వేల కొద్దీ ఊపిరి వేర్లు, పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా లేచి ఉన్నాయి. ఉప్పుబురదలో గాలి ఆడదు కాబట్టి ఈ చెట్లు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటాయి. వాటి మధ్య వేలెడంత చేపలు బురద మీద గెంతుతున్నాయి. మా మేనల్లుడు గంటసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న, కళింగ అని చెట్ల పేర్లు ఒక గార్డు ఓపిగ్గా చెప్పాడు. తిల్ల పాలు కంట్లో పడితే ప్రమాదమట, కొమ్మ విరవొద్దన్నాడు. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడే ఉంటాయి గానీ పగలు మనుషుల అలికిడికి బయటికి రావు. మాకు కనిపించినవి కొంగలు, లకుముకి పిట్టలు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్లకు పైగానే ఉంది. దీని అంచునే ఒకప్పటి కోరంగి రేవు. ఓడలు కట్టిన ఊరు, బర్మాకు జనాన్ని పంపిన ఊరు. బర్మాలో మనవాళ్లను 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, మళ్లీ 1839 నవంబరులో ఒకసారి ఉప్పెన వచ్చి ఆ రేవును ఊడ్చేసింది. మా ముత్తాత తమ్ముడు ఒకాయన 'రంగం పోయి', అంటే రంగూన్ వెళ్లి, తిరిగి రాలేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన ఏ రేవులో ఓడ ఎక్కాడో ఎవరికీ గుర్తు లేదు. అమ్మ మాత్రం ఆ నీళ్ల వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

మర్నాడు అమావాస్య. చొల్లంగికి తెల్లవారకముందే చేరాం. జనం బాగా ఉన్నారు. స్నానం చేసే చోట అడుగున బురద జారుతుంది, పెద్దవాళ్లకు చేయి పట్టుకునే మనిషి తప్పనిసరి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి తడికెలు కట్టారు గానీ ఆ జనానికి చాలలేదు. అమ్మ మూడు మునకలు వేసి, వణుకుతూనే నవ్వింది. నిండు పోటు కావడంతో అక్కడి నుంచి నేరుగా కోరింగ వెళ్లి బోటు ఎక్కాం. నిన్న బురదగా చూసిన కాలవ ఇవాళ చెట్ల కొమ్మల దాకా నిండి ఉంది. ఇంజను ఆపి కాసేపు వదిలేయమని అడిగితే వదిలేశాడు. ఆ పది నిమిషాల కోసమే మళ్లీ వెళ్లొచ్చు. ఆ సాయంత్రం యానాం చూశాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు, గోదావరి గట్టు శుభ్రంగా ఉంది, గంట చాలు.

హోప్ ఐలాండ్ మూడో రోజు. దీని కోసం ఫోన్లో ఒక ఏజెంటు 'దీవిలో రాత్రి టెంటు, క్యాంప్‌ఫైర్' అని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. అటవీశాఖ ఆఫీసులో అడిగితే రాత్రి బస కుదరదని స్పష్టంగా చెప్పారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. వాళ్లనే అడిగి, పగటిపూట వెళ్లి వచ్చేలా అనుమతి, బోటు మాట్లాడుకున్నాం. మీరూ ముందు ఆఫీసుకే వెళ్లండి.

2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం అమ్మ మనసులో అలాగే ఉంది. లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉన్నాయో లేదో తనే లెక్కపెట్టింది. ఒకటి తక్కువైంది. పడవ నడిపే సరంగు ఇంకోటి తెప్పించాకే ఎక్కింది. "మంచి పని చేశారమ్మా, ఆయ్, అడగాలండి" అన్నాడు ఆయన. అరవై దాటిన మనిషి. "పొద్దున పోటు మీద వెళ్లి, పన్నెండు లోపు బయల్దేరిపోవాలండి. అమావాస్య నీరు ఎంత పెరుగుద్దో అంతా తీసేస్తది. లేటయితే బురదలో కూర్చోవాలి" అని ముందే చెప్పాడు.

అఖాతం దాటడానికి గంట పైనే పట్టింది. దూరంగా లంగరు వేసిన ఓడలు, వాటికి సరుకు మోసే బార్జీలు. అవి దాటాక ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్లు చెరువులా ఉన్నాయి. బంగాళాఖాతంలో ఇలా అలలు లేకుండా ఉండడానికి కారణం ఆ దీవే. రెండు వందల ఏళ్లుగా గోదావరి తెచ్చిన ఇసుకను సముద్రం తోసి తోసి సుమారు 16 కిలోమీటర్ల పొడవున తోకకప్ప ఆకారంలో పేర్చింది. తూర్పు నుంచి వచ్చే అలలను అది ఆపుతుంది. దాని చాటునే కాకినాడ రేవు భద్రంగా ఉంది.

దీవి మీద దిగి, ఇసుక దిబ్బ ఎక్కి అవతలి వైపు వెళ్లేసరికి ఒక్కసారిగా సముద్రం హోరు. ఇంత సన్నటి నేలకు ఒక పక్క నిద్రపోయే నీళ్లు, ఇంకో పక్క విరుచుకుపడే అలలు. సరుగుడు చెట్ల కింద కొన్ని మత్స్యకారుల పాకలు, ఆరేసిన వలలు. దుకాణం, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఏవీ లేవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర పట్టుకెళ్లాం, అది సరిపోయింది.

బయటి ఒడ్డున నడుస్తుంటే సముద్రపు తాబేలు ఒకటి చచ్చి పడి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకే వస్తాయి. వచ్చే దారిలో ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరికి పైకి రాలేక చనిపోయేవి ఎన్నో. కొద్ది దూరంలో ఇంకో తాబేలు రాత్రి పాకి వచ్చి వెళ్లిన జాడ ఇసుకలో తాజాగా ఉంది. పిల్లాడు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచాడు. పోటు గీత వెంట కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాలు మాత్రం ఎన్నని ఏరతాం? మా సంచి నిండేదాకా ఏరి తెచ్చాం.

పదకొండున్నరకే సరంగు కేకేశాడు. తిరుగు దారిలో రెండు చోట్ల పడవ అడుగు బురదకు రాసుకుంది. ఇంకో అరగంట ఆగి ఉంటే ఆయన చెప్పినట్టే అయ్యేది.

మధ్యాహ్నం భోజనం సుబ్బయ్య గారి హోటల్లో. పొడులు, పచ్చళ్లు, నెయ్యి, కొసరి కొసరి వడ్డన. అమ్మ ఈ మూడు రోజుల్లో కడుపునిండా తిన్నది అక్కడే. కోటయ్య కాజాలు పార్సిల్ కట్టించుకుని, రైలుకి టైముంటే ఉప్పాడ వెళ్లాం. జాంధానీ చీర కొనాలని వదిన కోరిక. బీచ్ రోడ్డు చాలా చోట్ల కోసుకుపోయి ఉంది, అడ్డంగా బండరాళ్లు పోశారు. ఎండుచేపలు అమ్మే ఒకావిడ నీళ్లలోకి చేయి చూపించి "మా ఇల్లు అదిగోనండి, ఆ అల లేచిందే, అక్కడ" అంది. పొద్దున సముద్రం ఇసుకను పోగేసిన దీవి మీద నిలబడ్డాం, సాయంత్రానికి అదే సముద్రం ఊళ్లను మింగుతున్న ఒడ్డున ఉన్నాం. పైన ఆనకట్టలు పెరిగాక గోదావరి మోసుకొచ్చే ఇసుక బాగా తగ్గింది. ఉప్పాడ చూడకుండా హోప్ ఐలాండ్ ఒక్కటే చూసి వచ్చేస్తే ఈ తీరం సగమే అర్థమవుతుంది. అరగంటైనా అటు వెళ్లి రండి.

రాత్రి రైలు సామర్లకోట దాటాక అందరం పడుకున్నాం అనుకున్నాను. కింది బెర్తులోంచి అమ్మ గొంతు వినిపించింది. అన్నయ్యను అడుగుతోంది: "ఒరేయ్, ఆత్రేయ పాయ ఎక్కడ కలుస్తుందిరా? అక్కడికి ఆటో వెళ్తుందా?"