గుంట ఛాతీకి నస్ ఆపరేషన్: మస్కట్ నుంచి హైదరాబాద్ వెళ్లి చేయించుకున్నాం

పోయిన వేసవి సెలవుల్లో మా అబ్బాయికి హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో, లోపలికి కుంగిన ఛాతీని సరిచేసే నస్ ఆపరేషన్ చేయించాం. సర్జన్‌గారికీ, థియేటర్‌లో వాళ్లందరికీ, వార్డు నర్సులకీ నేను పూర్తి మార్కులు వేస్తాను. రాత్రిపూట నొప్పి చూసుకునే ఏర్పాటుకి సగమే వేస్తాను. విదేశాల నుంచి వచ్చే రోగుల కోసం పెట్టిన డెస్కుకీ, బిల్లింగుకీ అంతకంటే తక్కువే. ఏ ఆసుపత్రి అని అడిగే ముందు తల్లిదండ్రులు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇది ఒక ఆపరేషన్ కాదు, రెండు. ఛాతీని ఎత్తి పట్టే లోహపు బార్ పెట్టించడానికి ఒకసారి వెళ్లాలి, రెండు మూడేళ్లకి దాన్ని తీయించడానికి ఇంకోసారి వెళ్లాలి. ఆ రెండోసారి కూడా వెళ్లగలిగిన ఊరినే ఎంచుకోండి. మేము హైదరాబాద్‌కి ఓటు వేసింది ఈ ఒక్క లెక్క మీదే.

జబ్బు పేరు పెక్టస్ ఎక్స్‌కవేటమ్. పక్కటెముకల్ని రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి పెరుగుదల తేడా వల్ల ఆ ఎముక లోపలికి కుంగిపోతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. మావాడికి పుట్టినప్పటి నుంచీ ఉంది. అమలాపురంలో మా అత్తయ్యగారు నలుగు పెట్టి నీళ్లు పోస్తే, ఆ గుంటలో కాసిన్ని నీళ్లు నిలిచేవి. పెరిగితే అదే సర్దుకుంటుందన్నారు అందరూ. సర్దుకోలేదు సరికదా, పన్నెండేళ్లు దాటి ఒక్కసారిగా పొడుగు సాగడం మొదలయ్యాక గుంట ఇంకా లోతయ్యింది. మేముండే మస్కట్‌లోని ఖురుమ్ బీచ్‌లో తోటి పిల్లలంతా నీళ్లలో దూకుతుంటే వీడు చొక్కా విప్పకుండా ఒడ్డునే కూర్చునేవాడు. స్కూల్లో ఫుట్‌బాల్ మానేశాడు. ఆయాసం వస్తోందని వాడు చెబితే, ఆడటం ఇష్టంలేక అంటున్నాడని మాస్టారు అనుకున్నారు. ఎకో అనే గుండె స్కాన్ తీయిస్తే గుండె కుడివైపు గదిని ఆ ఎముక నొక్కుతోందని తేలింది.

దీనికి 1949లో రావిచ్ అనే సర్జన్ వివరించిన పాత పద్ధతి ఒకటుంది. ఛాతీ ముందు భాగం తెరిచి, పాడైన మృదులాస్థిని కోసి తీసి, ఎముకని సరిచేస్తారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లోని పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ నస్ 1987లో ఎముకా మృదులాస్థీ కోయకుండా చేయడం మొదలుపెట్టారు. పదేళ్లలో చేసిన 42 మంది పిల్లల వివరాలు 1998లో ప్రచురించారు. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా చేసేది అదే. చంకల కింద రెండు వైపులా చిన్న కోతలు పెడతారు. అక్కడినుంచి థొరాకోస్కోప్ అనే కెమెరా గొట్టం లోపలికి పంపి, గుండెకీ రొమ్ము ఎముకకీ మధ్య దారి చేసుకుంటూ, ముందే వంచిన లోహపు బార్‌ని ఇటునుంచి అటు దూరుస్తారు. వంపు వెన్నువైపు ఉండేలా వెళ్లిన బార్‌ని అప్పుడు తిప్పేస్తారు. వంపు ముందుకి వచ్చి, కుంగిన ఎముకని పైకి లేపి నిలబెడుతుంది.

మస్కట్‌లో మేము వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాత పద్ధతే చెప్పారు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు అక్కడికి రమ్మన్నాడు, కానీ ఇన్సూరెన్స్ లేకుండా ఆ ఖర్చు మా తాహతుకి మించింది. బ్యాంకాక్ నుంచి ఒక కొటేషన్ తెప్పించాం. విమానాశ్రయంలో ఎదురొచ్చే కారు దగ్గర్నుంచి హోటల్ గది దాకా అన్నీ ఉన్నాయి. నేను మస్కట్‌లోని రువీలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, కాగితం చేతికొస్తే వరసవరసా చదవడం అలవాటు. బార్ తీయడం గురించి ఆ కొటేషన్లో ఒక్క వరస కూడా లేదు. అడిగితే అది వేరే ప్యాకేజీ అన్నారు, ధర అప్పటికి ఎంతుంటే అంత అన్నారు. మస్కట్ నుంచి హైదరాబాద్‌కి మూడు గంటల చిల్లర ప్రయాణం, నేరుగా విమానాలున్నాయి. కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఇల్లుంది. మధ్యలో ఏదైనా తేడా వచ్చినా పగటిపూటే బయల్దేరి రాత్రికల్లా డాక్టర్ ముందు కూర్చోవచ్చు. మావారికి నచ్చింది అదే.

మొదటి కన్సల్టేషన్‌లో సర్జన్‌గారు సొరుగులోంచి బార్ తీసి మావాడి చేతిలో పెట్టారు. వేలెడు వెడల్పు కూడా లేదు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం, చివర్లు గుండ్రంగా నునుపుగా ఉన్నాయి. "వంచు చూద్దాం" అన్నారు. వాడు మోకాలికి ఆనించి బలమంతా పెట్టినా అది ఇంచుక కూడా కదల్లేదు. థియేటర్‌లో ముందు మెత్తటి లోహపు పట్టీని ఛాతీ మీద పెట్టి కొలత ఆకారం తీసుకుని, దాన్ని చూస్తూ ఈ బార్‌ని వంపు యంత్రంతో వంచుతామని చెప్పారు. మా అత్తయ్యగారు అడిగిన ప్రతి ప్రశ్నకీ తెలుగులోనే ఓపిగ్గా జవాబిచ్చారు.

నా చీటీలో రాసుకున్న ప్రశ్నలు ఆయన్ని ఒకటొకటిగా అడిగాను. మీరు స్వయంగా ఎన్ని చేశారు, అందులో బార్ జరిగిపోతే మళ్లీ చేయాల్సి వచ్చినవెన్ని, దారి చేసేటప్పుడు రొమ్ము ఎముకని ముందే పైకి లాగి పట్టుకుంటారా, ఆ రోజు గుండె సర్జన్ అదే భవనంలో ఉంటారా. ఒక్కదానికీ మొహం చిట్లించలేదు. గుండెకి గాయం కావడం చాలా అరుదనీ, అలాగని జరగదని చెప్పననీ, అందుకే ఛాతీ తెరిచే సామగ్రి సిద్ధంగా పెట్టుకునే మొదలుపెడతామనీ చెప్పారు. భయపెట్టే మాటే, కానీ నాకు ధైర్యం వచ్చింది దానితోనే. "చిన్న ఆపరేషన్ అమ్మా, కీహోలే కదా" అనే డాక్టరు దగ్గర పిల్లాణ్ణి పడుకోబెట్టకండి. కోతలు చిన్నవే, లోపల జరిగేది చిన్నది కాదు.

పరీక్షల్లో సీటీ స్కాన్ ముఖ్యం. గుంట అతి లోతుగా ఉన్నచోట ఛాతీ అడ్డకొలతని, రొమ్ము ఎముక నుంచి వెన్నెముక దాకా ఉన్న కొలతతో భాగిస్తే వచ్చేది హాలర్ ఇండెక్స్. మామూలు మనిషికి దాదాపు 2.5 ఉంటుంది, 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మావాడిది నాలుగు దాటింది. ఎకో, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష, సన్నగా పొడుగ్గా ఉన్నాడని, మార్ఫన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు లక్షణాలున్నాయేమోనని ఇంకోసారి చూపు, ఇవన్నీ అయ్యాయి. గల్ఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇది అందం కోసం చేసేదంటూ ముందు తిరస్కరించింది. ఎకో రిపోర్టూ, హాలర్ ఇండెక్సూ జత చేసి సర్జన్‌గారు ఉత్తరం రాసిచ్చాకే ఫైలు కదిలింది. ఆ ఉత్తరం ఊరు దాటకముందే అడిగి తీసుకోండి.

పరదేశం నుంచి వెళ్లేవాళ్లని తికమకపెట్టేది నికెల్ అలర్జీ పరీక్ష. మామూలు బార్ స్టీలుది, అందులో నికెల్ ఉంటుంది. అలర్జీ ఉంటే కోతల దగ్గర వాపు, చీములాంటిది మొదలై బార్ తీసేయాల్సి రావచ్చు. అలాంటివాళ్లకి టైటానియం బార్ వేస్తారు, దాన్ని సీటీ కొలతలతో ఫ్యాక్టరీలోనే వంచి పంపిస్తారు కాబట్టి ముందే ఆర్డర్ చేయాలి. మావాడికి బెల్టు బకిల్ తగిలేచోట ఎర్రగా దురద వచ్చేది. ఆ మాట నేను చెప్పబట్టి సరిపోయింది, డెస్కువాళ్లు పంపిన పరీక్షల జాబితాలో ఇది లేదు. వీపు మీద పట్టీలు అంటించి, తీసి చూసి, మళ్లీ రెండ్రోజులాగి చూస్తారు. మస్కట్‌లోనే చేయించుకు వెళ్లాం కాబట్టి హైదరాబాద్‌లో ఖాళీగా కూర్చోవాల్సిన పని తప్పింది. ఫలితం నెగటివ్, స్టీలు బారే వేశారు.

ఆపరేషన్ పగలు నిశ్చింతగా జరిగిపోయింది. రికవరీలో దుప్పటి తొలగించి చూపిస్తే గుంట ఉండాల్సిన చోట చదునుగా ఉంది. మావారు అక్కడే ఏడ్చేశారు.

నొప్పి సంగతి మాత్రం ఎవరూ దాచకూడదు. ఏళ్ల తరబడి కుంగి ఉన్న ఎముకల గూడుని ఒక్క పూటలో ముందుకి తోస్తారు కదా, ఆ నొప్పి మామూలుగా ఉండదు. కొన్నిచోట్ల ఇప్పుడు పక్కటెముకల నరాలని ఆపరేషన్‌లోనే అతిశీతలంగా గడ్డకట్టించి కొన్ని వారాలపాటు మొద్దుబారేలా చేస్తున్నారు. మేము వెళ్లినచోట ఆ సదుపాయం లేదు, వీపులో ఎపిడ్యూరల్ గొట్టం, అంటే వెన్ను దగ్గరికి నొప్పి మందు పంపే సన్నటి గొట్టం, పెట్టారు. అది ఉన్నన్నాళ్లూ వాడు నవ్వుతూనే ఉన్నాడు. అది తీసి మాత్రలకి మార్చిన రాత్రి నరకం. ఎపిడ్యూరల్ ఆపకముందే మాత్రలు మొదలుపెట్టాలని మత్తు డాక్టరు రాసిన కాగితం రాత్రి డ్యూటీవాళ్లకి చేరలేదు. అర్ధరాత్రి దాటాక వాడు పళ్లు బిగపట్టి, ఊపిరి కూడా సగంసగం తీస్తుంటే నేను నర్సింగ్ స్టేషన్‌కీ గదికీ పరుగులు తీశాను. డ్యూటీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఇంత పెద్ద ఆసుపత్రి ఇంత చిన్న అప్పగింతలో తప్పు చేయకూడదు. మర్నాడు సర్జన్‌గారు మా ఎదురుగానే వార్డువాళ్లని మందలించి, మందుల వేళలు గోడ మీద రాయించారు. గొట్టం తీసే రోజు ఉదయమే "తర్వాతి మందు ఏది, ఎన్నింటికి, ఎవరిస్తారు" అని మీరే అడగండి.

నర్సుల పనితనం గురించి ఎంత రాసినా తక్కువే. మంచం మీద లేపేటప్పుడు చేతులు పట్టుకుని లాగకూడదు, బార్ జరిగే ప్రమాదం ఉంది. వీపు వెనక చేయి వేసి, తలా నడుమూ ఒకేసారి లేచేలా ఎత్తాలి. కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఇది నాతోనూ మావారితోనూ విడివిడిగా చేయించి, సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. ఊపిరి గట్టిగా పీల్చే వ్యాయామానికిచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్‌లో రెండో బంతి పైకి లేచిన రోజు వార్డంతా చప్పట్లు కొట్టింది.

ఇక డెస్కు. మాకు మస్కట్ చిరునామా ఉందని మమ్మల్ని విదేశీ రోగుల రేటు పట్టికలో నమోదు చేసేశారు. మావి భారత పాస్‌పోర్టులు. అడ్వాన్సు కట్టమని ఇచ్చిన అంచనా మొదట ఫోన్లో చెప్పినదానికంటే బాగా ఎక్కువుండటంతో అనుమానం వచ్చి నిలదీశాను. పాస్‌పోర్టులూ, ఆధార్ కార్డులూ చూపించి మార్పించుకునేసరికి ఒక పూట పోయింది. డిశ్చార్జ్ నాడు బిల్లులో వాడని వస్తువు ఒకటి కనబడింది, అడిగితే తీసేశారు. వివరంగా వస్తువుల వారీ బిల్లు అడగండి, బార్‌కీ, అది జరగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్‌కీ విడివిడిగా ధర రాయించుకోండి. మా బిల్లులో ఇంచుమించు మూడో వంతు వాటిదే. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లకి 60 రోజుల ఈ-మెడికల్ వీసా ఉంది, దాని మీద మూడుసార్లు రావచ్చు, వెంట వచ్చే ఇద్దరికి అటెండెంట్ వీసా ఇస్తారు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఆ పని లేదు.

డిశ్చార్జ్ అయ్యాక ఉండే ఇల్లు కూడా చికిత్సలో భాగమే. నేల మీద పరుపు పనికిరాదు, ఎత్తు మంచం కావాలి. కమోడ్ ఉన్న బాత్రూం తప్పనిసరి. వెల్లకిలా పడుకోవాలి, నడుము దగ్గర వంగకూడదు, మెలి తిరగకూడదు. చూడవచ్చిన చుట్టాలు ఆప్యాయంగా కౌగిలించుకోబోతే మా ఆడపడుచు గుమ్మంలోనే ఆపేది.

విమానం ఎప్పుడు ఎక్కాలన్నది డాక్టరుగారే తేల్చాలి, టికెట్టు కాదు. ఈ ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య కొంచెం గాలి మిగలడం మామూలే, చాలామందిలో అదే ఇంకిపోతుంది. విమానం లోపలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది, అక్కడ ఆ గాలి ఇంచుమించు మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే బయల్దేరే ముందు మళ్లీ ఎక్స్‌రే తీసి, గాలి లేదని రాసిచ్చాకే వదిలారు. ఎయిర్‌లైన్స్ అడిగే మెడికల్ ఫారమ్ కూడా నింపించుకోండి. మేము తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు తీసుకున్నాం, అది పనికొచ్చింది. శంషాబాద్‌లో చేతి డిటెక్టర్ మోగింది, ఆసుపత్రి ఉత్తరం చూపిస్తే పంపించారు.

మీరు గొడవపడైనా తెచ్చుకోవాల్సిన కాగితం ఆపరేషన్ నోట్. డిశ్చార్జ్ సమ్మరీ చాలదు. ఏ కంపెనీ బార్, పొడవెంత, ఎన్ని వేశారు, స్టెబిలైజర్ ఏ వైపు ఉంది, దేనితో కట్టారు, అన్నీ అందులో ఉండాలి. బార్ పెట్టె మీదుండే లాట్ నంబరు స్టిక్కర్ కూడా అతికించి ఇవ్వాలి. రెండు మూడేళ్లలో సర్జన్ ఇంకో ఆసుపత్రికి మారవచ్చు, మన ఉద్యోగం ఇంకో దేశానికి మారవచ్చు. తీసే డాక్టరుకి ఇవి తెలియకపోతే చీకట్లో వెతుక్కోవాలి. తీయడం సులువని అంటారు, నిజంగానే చాలామందికి ఒకట్రెండు రోజుల్లో ఇంటికొచ్చేంత సులువే. కానీ ఆ సమయంలో తీవ్ర రక్తస్రావం జరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పక్కవీధి నర్సింగ్‌హోమ్‌లో పెట్టుకునే పని కాదు.

స్కూలుకి కూడా ఒక ఉత్తరం ఇచ్చాం. బార్ ఉన్నవాళ్లకి గుండె ఆగి ఛాతీ నొక్కాల్సి వస్తే మామూలుకంటే ఎక్కువ బలం కావాలి, షాక్ ఇచ్చే యంత్రం పట్టీలు ఒకటి ముందూ ఒకటి వీపు మీదా పెట్టాలి. నర్సుగారు దాన్ని మెడికల్ రూమ్ బోర్డు మీద పెట్టారు.

బరువు సంచీ, ఫుట్‌బాల్ ఇంకా వద్దన్నారు. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఇప్పుడు ఆయాసంతో మధ్యలో ఆగడం లేదు. ఆపరేషన్ నాణ్యత చూసి వెళ్లేవాళ్లకి హైదరాబాద్ మంచి ఎంపికే అంటాను, మనవైపు ఇల్లూ మనుషులూ ఉన్నవాళ్లకి మరీను. అక్కడ ఎవరూ లేనివాళ్లు, రెండు మూడేళ్లకి మళ్లీ సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేనివాళ్లు, కాస్త ఖర్చెక్కువైనా తాము ఉండే దేశంలోనే నస్ పద్ధతి చేసే సర్జన్‌ని వెతకడం మేలు. తీసే ఆపరేషన్‌కి అంచనా ఎంతో, భారతీయ రేటులోనే లెక్కగడతామని, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద సంతకంతో రాయించుకుని మస్కట్ విమానం ఎక్కాను.