వైజాగ్ ట్రెక్కింగ్ క్లబ్: ఊరి కొండలకి కళ్లు మూసుకుని వెళ్లండి, వనజంగికి మాత్రం వద్దు

ఆదివారం పొద్దున్నే జనాన్ని కొండలెక్కించే గ్రూపులు వైజాగ్‌లో ఇప్పుడు చాలానే తయారయ్యాయి. నేను కొంతకాలంగా ఒకే క్లబ్‌తో వెళ్తున్నాను, దాని గురించే రాస్తున్నాను. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కాస్త తిట్టేది కూడా ఉంది, నడిపేవాళ్లేమో మంచి పిల్లలు. ఎవరో తెలియాల్సినవాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది. సంగతేమిటంటే, సిటీ చుట్టుపక్కల నడకలకి వీళ్లకి డబ్బులు కట్టడం దండగ కాదు. రాత్రి బండెక్కించి ఏజెన్సీకి, అంటే వనజంగి లాంటి మన్యం కొండలకి తీసుకెళ్లే ట్రిప్పులు మాత్రం వేరే కథ.

ముందు మంచి చెప్తాను. కంబాలకొండ అంటే మనలో చాలామందికి హైవే పక్కన గేటు, బోటింగ్, జిప్‌లైన్, అంతే. అది 2002 నుంచి అభయారణ్యం, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు, లోపల చిరుతలు కూడా ఉన్నాయి. అలాంటి చోట ఇరవై మందిని పట్టుకుని నడవాలంటే ముందు నడిచేవాడికంటే ఆఖర్న నడిచేవాడు ముఖ్యం. వీళ్ల దగ్గర ఆ మనిషి ఖచ్చితంగా ఉంటాడు, అందరికంటే వెనకే ఉంటాడు, ఫోన్ చూడడు, ఎవరినీ దాటి ముందుకి పోడు. మా పిన్నికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పి, మొదటి ఎత్తుకే ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. "ఆంటీ, తొందరేం లేదండి, కొండ ఎక్కడికీ పోదు, మంచినీళ్లు తాగండి" అని పక్కనే కూర్చున్నాడు తప్ప, ముందు వాళ్లు ఆగారా, వెళ్లిపోయారా అని ఒక్కసారి కూడా గాభరా పడలేదు. ముందున్నవాళ్లు దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టుకుంటున్నారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇదే పని చేయని గ్రూపుతో సింహాచలం కొండ మీద ఒకసారి మధ్యలో మిగిలిపోయిన వాళ్లని అడగండి, ఎంత టెన్షనో చెప్తారు.

అసలు నాకు నచ్చింది ఎర్రమట్టి దిబ్బల నడక. భీమిలి దారిలో ఎన్నిసార్లు ఆగి ఫొటోలు దిగి ఉంటామో, ఎప్పుడూ ఎర్రమట్టే కనపడింది. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు, ఎందుకో ఆ రోజు గానీ నాకు తెలియలేదు. జియాలజీ చదువుతున్న అమ్మాయి ఒకామె వచ్చింది, స్లైడ్లూ లెక్చరూ ఏమీ లేవు, ఒక రాయి ముక్క చేతిలో పెట్టింది. మన తూర్పు కనుమల రాయి, ఖొండలైట్ అంటారట, కైలాసగిరి కిందా అదే, డాల్ఫిన్స్ నోస్ కిందా అదే. ఎండకి అటూ ఇటూ తిప్పితే దాంట్లో దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు మెరిశాయి, అవి గార్నెట్‌లు. రాయి అరిగేకొద్దీ అవి వానకి, వాగులకి కొట్టుకుపోయి సముద్రంలో చేరి మళ్లీ ఒడ్డుకి వస్తాయి, మన బీచ్ ఇసుకలో అక్కడక్కడా ఎర్రటి చారలు కనపడేది అందుకే. అది విన్నాక దిబ్బల మధ్య వాన కోసిన సందుల్లో నడుస్తుంటే, వేల ఏళ్లపాటు గాలీ సముద్రమూ కలిసి తెచ్చి పోసిన ఇసుక కదా ఇది అనిపిస్తుంది, పక్కన ఎవడో రీల్ తీసుకుంటూ అంచు మట్టిని కాలితో రాలగొడుతుంటే కడుపు మండుతుంది. వీళ్లు మాత్రం అంచుల మీదకి ఎవరినీ ఎక్కనివ్వరు. ఒకాయన అలిగాడు కూడా, అయినా ఎక్కనివ్వలేదు. దానికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

పిల్లలుంటే మాత్రం కొండ కంటే రాళ్ల నడక మేలు. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చిందే, ఆ తెన్నేటి పార్కు కింద రాళ్లలో. అమావాస్య, పౌర్ణముల దగ్గర సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది, ఆ గంటా గంటన్నర చూసి తీసుకెళ్తారు. రాతి గుంటల్లో మిగిలిన నీళ్లలో సన్యాసి పీతలు, సముద్రపు నత్తలు, తాకితే చాలు ముడుచుకుపోయే, పువ్వుల్లా కనపడే సీ అనెమోన్ అనే జీవులు. ఏదీ పైకి తీయకూడదు, ఇది వాళ్ల రూలు. మా మేనల్లుడు ఏడేళ్లవాడు, ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా ఉండడు, ఒక్క గుంట దగ్గరే గొంతుక్కూర్చుని లేవనన్నాడు. చెప్పులు మాత్రం వేసుకెళ్లకండి, నాచు మీద జారుతాయి, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ అయితే బెస్ట్.

ఇప్పుడు వనజంగి. పాడేరు దగ్గర మేఘాల కొండ, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున కింద మబ్బుల సముద్రం కనపడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ట్రిప్పు ఎలా నడుస్తుందో చూడండి. రాత్రి పదకొండుకి మద్దిలపాలెంలో టెంపో ఎక్కిస్తారు, సీటు వెనక్కి వాలదు, ఘాట్ రోడ్డు మొత్తం మలుపులే, నిద్ర లేదు, డ్రైవరు నిద్రపోయాడో లేదో అడిగే నాథుడు లేడు. నేనడిగితే "అన్నా, వాడు అలవాటైనవాడే" అన్నారు. అలవాటుకీ నిద్రకీ సంబంధం ఏంటో నాకర్థం కాలేదు. పైకి చేరాక మబ్బుల కంటే జనమే ఎక్కువ, శని ఆదివారాల్లో తిరనాళ్లే. కంబాలకొండలో అంత పద్ధతిగా ఉన్న క్లబ్బు ఇక్కడ తలలు కూడా సరిగా లెక్కపెట్టలేకపోయింది, చీకట్లో మైకు పెట్టి పేర్లు పిలుచుకున్నారు. ఇలా అయితే వెళ్లడం దేనికండీ? ముందురోజు పాడేరులో గది తీసుకుని మామూలు రోజున సొంతంగా వెళ్లడం నయం, ఖర్చు కూడా పెద్ద తేడా ఉండదు.

ఇంకో చిరాకు, వాట్సాప్ మెసేజ్‌లో అన్నీ 'ఈజీ' అనే రాస్తారు. వైజాగ్ ఉక్కలో ఏప్రిల్‌లో ఎనిమిది దాటాక ఏ కొండా ఈజీ కాదు. ఎంత దూరం, ఎంత ఎత్తు, నీడ ఉందా లేదా, దారిలో బాత్రూమ్ ఉందా, ఇవి అడిగితే తప్ప చెప్పరు. ఆడవాళ్లకి ఆ చివరిది ముందే తెలియాలి కదా. అడిగితే మాత్రం దాచకుండా చెప్తారు, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. నీళ్లు మనిషికి రెండు లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి మీరే పట్టుకెళ్లండి, వాళ్లిచ్చే అర లీటరు సీసా ఏ మూలకీ చాలదు. దిగాక పెట్టే ఇడ్లీలు వేడిగానే ఉంటాయి, చట్నీ సంగతి అడక్కండి.

డబ్బులు మనిషికి 350, పదేళ్లలోపు పిల్లలకి సగం. వానపడి నడక ఆగిపోతే తిరిగి ఇవ్వరు, తర్వాతి వారానికి కలుపుతారు, అక్టోబరు నవంబరుల్లో వాయుగుండాల టైములో కట్టేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి. ఎర్రమట్టి దిబ్బలకి సీట్లు గురువారం సాయంత్రానికే అయిపోతాయి, మెసేజ్ రాగానే పేరు ఇచ్చేయండి.