మారిషస్ ప్యాకేజీ: ప్రకృతిని చక్కగా చూపించారు, పండగను వదిలేశారు

విజయనగరంలోని ఒక ట్రావెల్స్ సంస్థ నడుపుతున్న మారిషస్ ప్యాకేజీలో మా కుటుంబం ఈ మధ్యనే వెళ్లి వచ్చింది. ఏర్పాట్ల వరకు వారిని మెచ్చుకోవలసిందే. కానీ ఉత్తరాంధ్ర వారిని ఆ ద్వీపానికి తీసుకువెళ్తూ, అక్కడి తెలుగు పండగలనూ మన జిల్లాలతో దానికున్న అనుబంధాన్నీ పక్కన పెట్టడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

విశాఖపట్నం నుంచి ముంబై వెళ్లి, అక్కడి నుంచి నేరుగా మారిషస్ విమానం ఎక్కాం. టికెట్లు, బస, వాహనం అన్నీ చెప్పినట్టే అమర్చారు.

ప్రకృతిని చూపించడంలో ఈ ప్యాకేజీకి వంక పెట్టలేం. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు గోడలా నిలబడి కెరటాలను అడ్డుకుంటాయి కాబట్టి, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఎగసిపడే సముద్రాన్ని చూసిన మనకు అక్కడి నిశ్చలమైన లేత నీలి నీళ్లు ఆశ్చర్యం కలిగిస్తాయి. దక్షిణాన గ్రిగ్రి దగ్గర మాత్రం ఆ దిబ్బలు లేవు; అలలు నేరుగా నల్లరాతి కొండచరియలను ఢీకొంటాయి. షమరేల్‌లో అగ్నిపర్వత శిల శిథిలమై ఏర్పడిన మట్టి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో గుట్టలుగా పరుచుకుని ఉంటుంది. 1994లో ఏర్పాటైన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానం నాకు అన్నిటికన్నా నచ్చింది. 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగే మిగిలినట్టు తెలిసిన మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ, సంరక్షకుల కృషి వల్ల మళ్లీ నిలదొక్కుకున్నది ఇలాంటి అడవుల్లోనే. అంతటి చోటికి అరపూట మాత్రమే కేటాయించారు.

వాతావరణం గురించి సంస్థవారు ముందే వివరంగా చెప్పి ఉండవలసింది. ఆ ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందున మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. మనకు తుఫాను భయం ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో ఉంటే, వారికి జనవరి నుంచి మార్చి వరకు ఉంటుంది. మధ్యనున్న క్యూర్‌పీప్ పీఠభూమిలో వాన, చలి ఎక్కువ. పెద్దవారికి స్వెటర్ తప్పనిసరి.

ఇక పండగల విషయం. పందొమ్మిదో శతాబ్దంలో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో చెరకు తోటల పనికి ఆ ద్వీపానికి ఓడలెక్కారు. కోరంగి రేవు నుంచి వచ్చినందున అక్కడి తెలుగువారికి కొరంగీలనే పేరు కూడా ఉండేది. వారి వారసులు ఇప్పటికీ రామభజన చేస్తారు, అమ్మోరు పండగ జరుపుతారు, సింహాద్రి అప్పడిని కొలుస్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. పూసపాటి వంశం ధర్మకర్తలుగా ఉన్న సింహాచలం స్వామికి మొక్కి, పైడితల్లి సిరిమాను చూస్తూ పెరిగిన మన కుటుంబాలకు సముద్రానికి ఆవల అదే భక్తిని చూడడం కన్నా విలువైనది ఏముంటుంది? అయినా కార్యక్రమంలో ఒక్క తెలుగు గుడి కూడా లేదు. మహాశివరాత్రికి వేలాది భక్తులు కావళ్లతో నడిచి చేరే గంగా తలావ్ సరస్సును చూపించారు, సంతోషం. కానీ రాజధాని పోర్ట్ లూయిస్‌లో బజారుకు పూటంతా కేటాయించి, వలస కూలీలు తొలిసారి అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్ ముందు నుంచే వాహనాన్ని పోనిచ్చారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన స్థలమది. ఆపమని అడిగితే సమయం లేదన్నారు.

శాకాహారులకు హోటల్ భోజనం ఫరవాలేదు. వీధిలో దొరికే ధోల్ పూరీ మాత్రం వదలకండి. ఉడికించి పొడిచేసిన పసుపు బఠాణీ పప్పును కూరి కాల్చిన ఈ పల్చని రొట్టె తీపి లేని బొబ్బట్టులా ఉంటుంది. గింజల కూర, టమాటా పచ్చడి వేసి చుట్టి చేతికిస్తారు.

బుక్ చేసుకునేవారు ఉగాది కలిసివచ్చేలా తేదీలు అడగండి. అప్పటికి తుఫానుల ఉధృతి కూడా తగ్గుముఖం పడుతుంది. ఆప్రవాసీ ఘాట్‌ను, ఒక తెలుగు ఆలయాన్ని కార్యక్రమంలో రాతపూర్వకంగా చేర్పించండి. మీ ఇంట్లో ఎవరో మారిషస్ వెళ్లారని పెద్దలు చెప్పుకునేవారైతే, వారి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని, వలసదారుల రికార్డులను భద్రపరుస్తున్న, మారిషస్‌లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌ను బయలుదేరక ముందే సంప్రదించండి.