నాన్న తుపాకీ, నా కొలత: స్టాక్ సరిచేయించిన అనుభవం

మా ఇంట్లో ఉన్నది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ల 12 బోర్ డబుల్ బ్యారెల్ షాట్‌గన్, అంటే రెండు గొట్టాల తుపాకీ. నాన్నది. ఆయన పొట్టి మనిషి, చేతికి అందడం లేదని స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) వెనకభాగం కొంత కోయించుకున్నాడు. నేనేమో ఆరడుగులకు దగ్గర. లైసెన్సు నా పేరు మీదికి మారాక గచ్చిబౌలి షూటింగ్ రేంజిలో క్లే పిజియన్లు (గాల్లోకి విసిరే బిళ్లలు) కొట్టడం మొదలుపెడితే, పేల్చినప్పుడల్లా బొటనవేలి కణుపు ముక్కుకు తగిలేది.

దేవరకొండలో మాకు తెలిసిన వడ్లాయన "ఇంత చెక్క అతికిస్తే అయిపాయె గద సార్" అన్నాడు. మంచి పనిమంతుడే. కానీ 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేసేవాళ్లకు కూడా లైసెన్సు ఉండాలి. అందుకే హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక ఆయుధాల దుకాణానికి కారులో తీసుకెళ్లాను. దారిలో మాల్ అనే ఊరి దగ్గర చాయ్‌కి కూడా దిగలేదు, తుపాకీని కారులో వదిలి ఎట్లా దిగుతాం? దుకాణంలో లైసెన్సు చూసి, తుపాకీ నంబరు రిజిస్టర్లో ఎక్కించి, రసీదు ఇచ్చారు.

అక్కడి పెద్ద మిస్త్రీ పనితీరు చెప్పుకోవాలి. తుపాకీ విప్పి చాంబర్లు (తూటాలు పెట్టే చోట్లు) ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూశాడు. టేపు మాత్రం ముట్టుకోలేదు. "కళ్లు మూసుకొని భుజానికి ఎక్కించండి సార్, ఎక్కించినంక తెరవండి" అన్నాడు. మోచేతి మడతలో బట్ (స్టాక్ వెనక కొస) పెట్టి వేలు ట్రిగర్‌కు అందుతుందా అని చూసే పద్ధతిని ఆయన నమ్మడు. బొటనవేలికీ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉందా అనేదే ఆయన లెక్క. రేంజిలో వేసుకునే వెస్ట్ (చేతుల్లేని కోటు) తొడిగించి మళ్లీ చూశాడు. ట్రిగర్ నుంచి బట్ చివరిదాకా 13¼ అంగుళాలు ఉంది, నాకు 14½ కావాలని తేల్చాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చెంప ఆనించే స్టాక్ పైఅంచు వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలుతుంది. పొడవు పెంచితే చెంప వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు కన్నూ దిగుతుంది. షాట్‌గన్‌కు గురి చూసుకునే వెనక సైటు ఉండదు, ఆ పని కన్నే చేయాలి. కన్ను దిగితే దెబ్బ కూడా కిందికే పోతుంది. వడ్లాయన చెక్క అతికించి ఉంటే నాకు ఈ సంగతి ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. మిస్త్రీ ముందు తొడుగు ప్యాడ్, అట్టముక్కలతో పొడవు పెంచి, రేంజిలో 16 గజాల దూరంలో కాగితం కట్టి కొట్టి రమ్మన్నాడు. ఆ దూరంలో పైఅంచు ఎత్తు 1/16 అంగుళం మారితే దెబ్బ ఒక అంగుళం మారుతుంది. నా పెల్లెట్ల (తూటాలోని చిన్న గుండ్ల) గుంపు గుర్తుకు మూడంగుళాల కింద పడింది. అంటే 3/16 అంగుళం ఎత్తు పెంచాలి.

చివరికి అరంగుళం వాల్‌నట్ చెక్క, దాని వెనక ముప్పావు అంగుళం రబ్బరు ప్యాడ్ బిగించాడు. పైఅంచుకు తోలు తొడుగు కట్టాడు. ఉన్న కట్టెను ఎక్కడా కోయలేదు, అది నాకు బాగా నచ్చింది. రేపు మా అబ్బాయి చేతికి వెళ్తే విప్పేసుకోవచ్చు. స్టాక్‌ను కొంచెం పక్కకు వంచమని కూడా అడిగాను. వేడి నూనెతో వంచుతారు, పాత కట్టె పగిలే ప్రమాదం ఉందని ఒప్పుకోలేదు. ఒప్పించి డబ్బులు తీసుకునే వాళ్లే ఎక్కువైన రోజుల్లో ఇది గొప్పే.

నచ్చనివీ ఉన్నాయి. కొత్త చెక్క రంగు పాతదానితో కలవలేదు, అతుకు దూరం నుంచే కనబడుతుంది. ఇస్తానన్న తేదీ దాటి దసరా దాకా లాగాడు, ఫోన్ చేస్తే "రేపే సార్". బరువు వెనక్కి చేరి ముందుభాగం తేలికైంది, తుపాకీ తిప్పేటప్పుడు చేయి ఇంకా అలవాటు పడలేదు. ఎండాకాలం చెమటకు తోలు జారుతుందేమో చూడాలి. మొత్తం 6,500 తీసుకున్నాడు, రంగు సంగతి పక్కనపెడితే న్యాయమే.

ముక్కుకు దెబ్బ తగలడం పోయింది. చెంప కమలడం లేదు. క్లేలు ఇంతకుముందు కంటే ఎక్కువ పగులుతున్నాయి, ఎడమవైపు పోయేవి మాత్రం ఇంకా తప్పించుకుంటున్నాయి. అది స్టాక్ తప్పు కాదని మిస్త్రీ మొహం మీదే చెప్పాడు.

వెళ్లేవాళ్లు ఒరిజినల్ లైసెన్సు, రేంజిలో వేసుకునే వెస్ట్ తీసుకెళ్లండి. ఎన్నికల ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి, కోడ్ వచ్చాక తుపాకీ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమని పిలుపు రావచ్చు.